గళం నుంచి గ్రంథానికి... లాటిన్ స్తోత్రగానం

వాద్యసహకారం అక్కరలేదు. తాళపు లెక్క లేదు. గొంతులన్నీ ఒకే స్వరమై, మాట నడకను అనుసరించి సాగిపోతాయి. మధ్యయుగం నుంచి ఐరోపాలోని కాథలిక్ మఠాలలో వినవస్తున్న ఈ లాటిన్ స్తోత్రగానానికి గ్రెగోరియన్ గానమని పేరు. స్తోత్రాన్ని గురుముఖతః నేర్వాలని విశ్వసించే పాఠకులకు దీని చరిత్ర తెలుసుకోదగినది.

పరిశుద్ధాత్మ పావురం రూపంలో వచ్చి పోప్ గ్రెగరీ (590-604) చెవిలో ఈ స్వరాలను పలికిందని ఐతిహ్యం. చరిత్రకారులు మాత్రం 8, 9 శతాబ్దాలలో, ఫ్రాంకుల రాజులైన పెపిన్, షార్లమేన్‌ల ఏలుబడిలో రోమ్ గానరీతి, స్థానిక గాలికన్ రీతి కలిసి ఇది రూపుదిద్దుకుందంటారు.

నిత్య పారాయణం

6వ శతాబ్దంలో బెనెడిక్ట్ మహనీయుడు రచించిన మఠనియమావళి ప్రకారం బైబిలులోని 150 కీర్తనలను వారానికోసారి పూర్తిగా గానం చేయాలి. రాత్రి జాగరణ ప్రార్థన మొదలు శయనవేళ వరకు రోజుకు ఎనిమిది ప్రార్థనలు. కీర్తన చాలావరకు ఒకే స్వరంపై నడిచి, పాదం మధ్యలో, చివర మాత్రమే వంపు తిరుగుతుంది. బలిపూజలో పాడే 'అల్లెలూయ' అలా కాదు. దాని చివరి అక్షరం మీద ఎన్నో స్వరాలు దీర్ఘంగా సాగుతాయి. అక్కడ పదం ఆగిపోయి ఆనందమొక్కటే మిగులుతుంది.

స్మృతి నుంచి లిపికి

స్వరాన్ని రాయలేము కనుక, మనిషి స్మృతిలో నిలుపుకోకపోతే అది నశిస్తుందని 7వ శతాబ్దంలో ఇసిడోర్ అనే పండితుడు హెచ్చరించాడు. 9వ శతాబ్దంలో మాటలపై చిహ్నాలు గుర్తించడం మొదలైంది. అవి స్వరం పైకి వెళుతుందో కిందికి దిగుతుందో చెప్పేవే గాని, ఎంత దూరమో చెప్పేవి కావు. పాట ముందే తెలిసినవారికి జ్ఞాపికలు మాత్రమే. 11వ శతాబ్దంలో ఇటలీకి చెందిన గీడో రేఖలపై స్వరస్థానాలు నిర్దేశించి, పదేళ్ల విద్యను ఒకటి రెండేళ్లకు తగ్గించానన్నాడు.

అయినా ముప్పు తప్పలేదు. 1614-15లో రోమ్‌లో అచ్చయిన గ్రంథంలో దీర్ఘస్వరాలను కత్తిరించారు. 1833లో ఫ్రాన్సులోని సొలెమ్ మఠాన్ని గెరాంజే పునరుద్ధరించాక, అక్కడి సన్యాసులు ప్రాచీన ప్రతులను అక్షరమక్షరం పోల్చారు. చిహ్నాల ప్రతులు గానపు నడకను, రేఖల ప్రతులు స్వరస్థానాన్ని చూపాయి. వారి కృషి ఆధారంగా 1908లో అధికారిక గ్రంథం వెలువడింది.

అర్థమా? శబ్దమా?

1963లో రెండవ వాటికన్ మహాసభ ఈ గానానికి అగ్రస్థానమిస్తూనే, ఆరాధనలో ప్రజల భాషలకూ అనుమతినిచ్చింది. దాంతో అత్యధిక చర్చిలలో లాటిన్ గానం తెరమరుగైంది. తెలుగునాట చర్చిలలోనూ నేడు ప్రధానంగా తెలుగు కీర్తనలే వినిపిస్తాయి. భక్తునికి అర్థం చేరువైంది. శతాబ్దాల నాదం మాత్రం దూరమైంది. సొలెమ్ వంటి మఠాలలో అది నేటికీ నిత్యారాధనే.

ఒక్కటి గమనించండి. చెదిరిన స్వరాలను కూర్చడానికి ఆ సన్యాసులకు దశాబ్దాలు పట్టింది. ప్రతులు మిగిలినందువల్ల ఆ మాత్రమైనా సాధ్యమైంది. మీ ఇంట పెద్దలు పాడే స్తోత్రానికి ఏ ప్రతీ ఉండకపోవచ్చు. పుస్తకంలో మాటలున్నాయి కదా అని ఊరుకోకండి. పక్కన కూర్చుని, వారి నోటి నుంచే నేర్చుకోండి.