వెనుక గదిలోని అమ్మకు కూడా వినబడాలంటే

పిల్లలు ఉద్యోగాలలో స్థిరపడి ఇంటికి పంపే వస్తువులలో హోమ్ థియేటర్ కూడా చేరింది. ముందు గదిలో టీవీ క్రింద రిసీవర్, చుట్టూ అయిదు స్పీకర్లు. పండుగ వస్తే ఇల్లంతా ఆ గదిలోనే. మంచం దిగలేని పెద్దవారు మాత్రం వెనుక గదిలో మిగిలిపోతారు. శబ్దము పెంచితే ముందు గదివారి చెవులు హోరెత్తుతాయి గాని, వెనుక గదికి మాటలు స్పష్టంగా చేరవు. అదే రిసీవర్ నుండి రెండవ గదికి తీగ లాగవచ్చు గదా అని అనేకులు అడుగుతారు. లాగవచ్చును. అయితే ముందుగా యంత్రాన్ని వెనుకకు త్రిప్పి చూడవలెను.

స్పీకర్ తీగలు బిగించే చోట 6 నుండి 16 ఓమ్‌లు అనో, 8 ఓమ్‌లు అనో వ్రాసి ఉంటుంది. ఓమ్ అంటే కరెంటు ప్రవాహానికి కలిగే అడ్డుకు కొలత. ముందు గది స్పీకరు బిగించిన చోటే రెండవ గది స్పీకరు కూడా కలిపితే 8, 8 కలిసి 16 కావు, 4 అవుతాయి. ఒకే తొట్టికి రెండు కుళాయిలు తెరిచినట్లు కరెంటు రెండింతలు పోతుంది. రిసీవర్ వేడెక్కి తనంతట తానే ఆగిపోవచ్చు, లేదా లోపల కాలిపోవచ్చు. వాట్లు ఎక్కువున్న యంత్రమే గదా అనే ధైర్యము ఇక్కడ పనికిరాదు.

కొన్ని రిసీవర్లకు 'ఏ', 'బి' అని రెండు జతలకు చోటుంటుంది. 'బి'కి రెండవ గదివి బిగించి బటను నొక్కితే చాలును. రెండు జతలు కలిపి మోగించాలంటే ఒక్కొక్కటి ఎన్ని ఓమ్‌లు ఉండాలో అక్కడే వేరుగా వ్రాసి ఉంటుంది, చదవండి. ఈ పద్ధతిలో రెండు గదులకూ ఒకే కార్యక్రమము. మరికొన్నింటిలో 'జోన్ 2' ఉంటుంది. నన్నడిగితే ఇదే మేలు. ముందు గదిలో పిల్లలు క్రికెట్ చూస్తుంటే అమ్మ రేడియో వినవచ్చు. ఏడు చానెళ్ల యంత్రాలు చాలా వాటిలో రెండు చానెళ్ల శక్తి ఈ జోన్‌కు పోయి, ముందు గదికి అయిదే మిగులుతాయి. పోనివ్వండి, మన ఇండ్లలో ఏడు స్పీకర్లు పెట్టేదెవరు? అయితే పాత రకాలు అనేకములో హెచ్‌డీఎంఐ తీగ ద్వారా వచ్చే శబ్దము జోన్ 2కు పోదు. ఎరుపు, తెలుపు పిన్నుల తీగ కూడా కలపాలి. ఇది తెలియక స్పీకరు చెడిపోయిందని దుకాణానికి మోసుకొని పోయేవారున్నారు.

మంచము ప్రక్కన ఒక్క స్పీకరే పెట్టేటట్లయితే కుడి, ఎడమ తీగలను కలిపి దానికి బిగించకండి. యంత్రానికి అది ప్రమాదము. జోన్ 2కు 'మోనో' ఏర్పాటు ఉంటే దానిని ఎన్నుకోండి.

పది మీటర్ల దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలు, ఇరవై అయితే 2.5 వాడండి. కరెంటు తీగలున్న పైపులో దీనిని దూర్చకండి. ప్లగ్గు తీసిన తరువాతే పని మొదలుపెట్టండి. విడివడిన ఒక్క తీగపోచ ప్రక్కదానికి తగిలినా షార్టు అవుతుంది.

గ్రామాలలో మరొకటి చూస్తాము. మందిరములో పాతబడిన కాలమ్ స్పీకరును తెచ్చి రిసీవర్‌కు కలుపుతారు. వాటిలో అనేకము 100 వోల్టుల లైనుకు చేసినవి, లోపల ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. రిసీవర్‌కు పెడితే గొణుగుడే వినబడుతుంది. అమెరికా నుండి తెచ్చిన రిసీవర్ అయితే వెనుక 120 వోల్టులని ఉన్నదేమో చూడండి. మన 230 వోల్టులకు నేరుగా పెట్టిన యెడల ఆ యంత్రము దక్కదు.

ఇక శబ్దము తగ్గించేది ఎవరు? సాధారణ రిమోటు కిరణము గోడను దాటదు. ప్రతిసారీ అమ్మ కేకవేయవలసిందే, ముందు గది మోతలో అది వినబడాలి గదా! స్పీకర్ తీగ మధ్యలో బిగించే వాల్యూమ్ కంట్రోలు విడిగా దొరుకుతుంది. దానిని తలుపు ప్రక్క స్విచ్చుబోర్డు దగ్గర కాక, పడుకొన్నవారికి అందే ఎత్తులో పెట్టించండి. పక్షవాతము వచ్చినవారైతే ఏ చెయ్యి ఆడుతుందో చూసి, ఆ వైపు గోడకే.