జీతం అడిగినవాళ్ళ అరెస్టు - మన తీర్పులు

2022 ఆగస్టు 14, ఆదివారం. ఖతార్‌లో వారానికి మొదటి పనిరోజు. దోహాలో సీ రింగ్ రోడ్డు మీద, అల్ బందరీ ఇంటర్నేషనల్ గ్రూప్ ఆఫీసు ముందు, అరవై మంది దాకా కార్మికులు చేరి రోడ్డుకి అడ్డంగా నిలబడ్డారు. నిర్మాణాలూ, హోటళ్ళూ, ఇంకా చాలా వ్యాపారాలున్న సంస్థ అది. వాళ్ళు అడిగింది బోనసు కాదు, ఇంక్రిమెంటు కాదు, చేసిన పనికి జీతం. కొందరికి ఏడు నెలలుగా అందలేదు. పోలీసులు వచ్చి కొంతమందిని పట్టుకెళ్ళారు. ఆ నిరసనలో భారతీయులు, నేపాలీలు, బంగ్లాదేశీయులు, ఈజిప్టు, ఫిలిప్పీన్స్ వాళ్ళు ఉన్నారని కార్మిక హక్కుల మీద పనిచేసే ఈక్విడెమ్ అనే సంస్థ బయటపెట్టింది.

వారం తర్వాత సంగతి ప్రపంచ పత్రికలకెక్కింది. ఫుట్‌బాల్ ప్రపంచకప్ మూడు నెలల్లో ఉంది కనుక ఆ మాత్రం గొడవ తప్పదు. ప్రభుత్వం దాచలేదు, ఒప్పుకుంది: ప్రజాభద్రతా చట్టాలను ఉల్లంఘించినందుకు కొందరిని అదుపులోకి తీసుకున్నాం, శాంతియుతంగా ఉండని కొద్దిమందిని కోర్టు ఉత్తర్వుతో దేశం నుంచి పంపించేస్తున్నాం, జీతాలు ఎగ్గొట్టిన ఆ కంపెనీ మీద అప్పటికే దర్యాప్తు జరుగుతోంది, బకాయిలు మేమే చెల్లిస్తున్నాం. ఇదీ సారాంశం.

ఇక మనవాళ్ళ సంగతి. అల్ రయ్యాన్‌లో ఓ మిత్రుడింట్లో శుక్రవారం భోజనాలు. బిర్యానీ అయ్యాక ఈ విషయం వచ్చింది. "రోడ్డెందుకండీ ఆపడం? కంప్లయింట్ ఇచ్చుకోవచ్చుగా!" అన్నారొకరు. "ఇక్కడి చట్టం సంగతి తెలిసే వచ్చారు కదా" అన్నారు ఇంకొకరు. "వీళ్ళ వల్ల మనకి చెడ్డపేరు" అని మూడో ఆయన. అందరం తలూపాం. ఊపినవాళ్ళలో నేనూ ఉన్నాను. తర్వాత టాపిక్ స్కూలు ఫీజుల మీదకి వెళ్ళిపోయింది.

ఆ "కంప్లయింట్ ఇచ్చుకోవచ్చుగా" అన్న మాటని కాస్త విప్పి చూద్దాం. ఖతార్ ఈ విషయంలో ఏమీ చెయ్యలేదనడం అన్యాయం. 2015లో జీతాలు బ్యాంకు ద్వారానే పడాలన్న వేతన రక్షణ విధానం తెచ్చారు. 2018లో కార్మిక వివాదాల కమిటీలు పనిలోకి దిగాయి. కంపెనీ చేతులెత్తేస్తే కార్మికుడికి డబ్బిచ్చే నిధికి అదే సంవత్సరం చట్టం చేశారు. 2020లో, యజమాని దగ్గర ఎన్.ఓ.సి. తీసుకోకుండా ఉద్యోగం మారే వీలు కల్పించారు. మరి ఇన్ని ఉండగా ఏడు నెలలెలా గడిచాయి? ఫిర్యాదు తేలేదాకా ఆ మనిషి ఉండేది కంపెనీ క్యాంపులో, తినేది కంపెనీ మెస్సులో. రెసిడెన్స్ పర్మిట్ కంపెనీ చేతిలో. కోపమొచ్చిన యజమాని "పారిపోయాడు" అని ఒక కేసు పెడితే, అప్పటిదాకా జీతం బాకీ ఉన్నవాడు కాస్తా నేరస్తుడవుతాడు. ఊళ్ళో వీసా కోసం చేసిన అప్పు మాత్రం నెలనెలా పెరుగుతూనే ఉంటుంది. మన జీతం పది రోజులు ఆలస్యమైతే హెచ్.ఆర్.కి ఈమెయిల్ పెడతాం, ఈలోగా క్రెడిట్ కార్డు గీకుతాం. వాళ్ళకా రెండూ లేవు.

సమ్మె చెయ్యొచ్చా? 2004 నాటి కార్మిక చట్టంలో సమ్మె మాట ఉంది. కానీ అది కార్మికుల కమిటీల ద్వారా, సవాలక్ష షరతుల మధ్య జరగాలి. ఆ కమిటీల్లో సభ్యత్వం ఖతారీ పౌరులకే. ప్రైవేటు రంగంలో పనిచేసేవాళ్ళలో నూటికి తొంభైమందికి పైగా విదేశీయులే! అంటే అవసరం ఉన్నవాడికి హక్కు లేదు, హక్కు ఉన్నవాడికి అవసరం లేదు. అందుకని విదేశీ కార్మికులు పనిమాని రోడ్డెక్కితే అది సమ్మె అవదు, శాంతిభద్రతల సమస్య అవుతుంది. అక్కడికి పోలీసులు రావడంలో వింతేం లేదు.

నేను ఎం.ఎస్. చెయ్యడానికి అమెరికాలో దిగింది 2009 ఆగస్టులో. అప్పుడు అక్కడ అందరి నోటా హార్వర్డ్ ప్రొఫెసర్ హెన్రీ లూయిస్ గేట్స్ అరెస్టు సంగతే. జులై 16న చైనా నుంచి ఇంటికొచ్చి, బిగుసుకుపోయిన సొంత తలుపునే తోసి తెరుచుకుంటే, ఎవరో ఇళ్ళలో దూరుతున్నారని పోలీసులకి ఫోను వెళ్ళింది. సార్జెంట్ క్రౌలీతో మాటామాటా పెరిగి ప్రొఫెసర్‌గారి చేతులకి బేడీలు పడ్డాయి. ఆయన నల్లజాతి మేధావి, ఈయన తెల్ల పోలీసు. ఐదు రోజుల్లో కేసు ఎత్తేశారు. పోలీసులు తెలివితక్కువగా ప్రవర్తించారని ఒబామా అనడం, దాని మీద రగడ, చివరికి జులై 30న ఇద్దరినీ వైట్‌హౌస్‌కి పిలిచి బీరు పోయించడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తెల్లవాళ్ళు ఎక్కువగా పోలీసు వైపు, నల్లవాళ్ళు ఎక్కువగా ప్రొఫెసర్ వైపు. అప్పుడే దిగిన మా దేశీ కుర్రాళ్ళందరికీ మాత్రం ఇందులో రంగు పాత్ర ఏమిటో ఒక్క నిమిషంలో అర్థమైపోయింది. రాత్రి రెండింటిదాకా కూర్చుని అమెరికాకి తీర్పు చెప్పేశాం.

రెండు కేసులూ ఒకటి కావు. గేట్స్ ఎవరి దారికీ అడ్డం పడలేదు, వీళ్ళు రోడ్డు ఆపారు. నన్ను తొలిచింది వేరే. అక్కడ ఒక్క నిమిషంలో అర్థమైనది ఇక్కడ మాకెందుకు తట్టలేదు? ఇక్కడ రంగుకి బదులు పాస్‌పోర్టు ఉంది కనుకనా? పాస్‌పోర్టు మాదీ అదే కదా!

2019 చివర్లో ఐక్యరాజ్యసమితి తరఫున జాతివివక్ష మీద ప్రత్యేక ప్రతినిధి టెండాయి అచియుమె ఖతార్ వచ్చారు. 2020లో ఇచ్చిన నివేదికలో సంస్కరణలను మెచ్చుకుంటూనే ఒక మాట అన్నారు: ఇక్కడ పుట్టిన దేశాన్ని బట్టి నడిచే ఒక అనధికార కులవ్యవస్థ ఉంది అని. అదే పనికి ఏ దేశం వాడికి ఎంత జీతమో, ఎవరికి ఎంత మర్యాదో అందులోనే తేలిపోతుందని. ఇంగ్లీషులో ఆవిడ వాడిన మాట కూడా కులమే. తెలుగువాడికి ఇంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదు.

జీతాల సంగతే చూడండి. చాలాకాలం ఇక్కడ చట్టపరంగా కనీస వేతనం లేదు. ఎవరి ప్రభుత్వం తన మనుషులకి ఎంత రేటు కడితే అంత. ఫిలిప్పీన్స్ తన ఇంటిపనివాళ్ళకి 400 డాలర్లకి తగ్గకూడదంది. మన ప్రభుత్వం ఏం చేసిందంటే, 2020 సెప్టెంబరులో, కరోనా వేళ, గల్ఫ్ దేశాలకి వెళ్ళేవాళ్ళ రిఫరల్ వేతనాన్ని దాదాపు 200 డాలర్లకి తగ్గించింది! దీని మీద మంద భీంరెడ్డిగారు తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2021లో కేంద్రం వెనక్కి తగ్గింది. తమాషా ఏమిటంటే ఈలోగా, 2021 మార్చి 20 నుంచి, ఖతారే అన్ని దేశాల వాళ్ళకీ ఒకే కనీస వేతనం అమల్లోకి తెచ్చింది: నెలకి 1000 రియాల్స్, వసతి ఇవ్వకపోతే మరో 500, తిండి పెట్టకపోతే 300. మనవాడి ధర మన ఢిల్లీలో తగ్గితే, దోహాలో నిలబడిందన్నమాట.

ఇక మర్యాద. ఇక్కడ కుటుంబాలుండే ప్రాంతాల్లో కార్మికుల వసతి ఉండకూడదని 2010లో చట్టమే చేశారు. ఓ శుక్రవారం మా ఆవిడా, పిల్లాడితో ఒక మాల్‌కి వెళ్తుంటే, గుమ్మం దగ్గర సెక్యూరిటీ అతను కంపెనీ యూనిఫాంలో వచ్చిన ఇద్దరిని ఆపేశాడు. ఫ్యామిలీలకే అన్నాడు. ఆపినవాడూ నేపాలీయే, ఆగిపోయినవాళ్ళూ నేపాలీలే. నన్ను చూసి తలుపు తీశాడు. నేను థాంక్స్ చెప్పి లోపలికి వెళ్ళిపోయాను. పక్కన కుటుంబమూ, ఒంటి మీద ఇస్త్రీ చొక్కా లేకపోతే నేను ఏ వరసలో ఉండేవాణ్ణో అక్కడ చూసినవాడికెవరికైనా తెలుస్తుంది.

మా ఆఫీసులో టీ ఇచ్చే అతనిది జగిత్యాల వైపు. నాకన్నా పదేళ్ళు పెద్ద. నేను "అన్నా" అంటాను, అతను "సార్" అంటాడు. ఎన్నిసార్లు చెప్పినా మార్చలేదు. ఆ ఆగస్టులో ఫోన్లో సీ రింగ్ రోడ్డు వీడియో తెచ్చి చూపించాడు. అంతకు ముందు పనిచేసిన చోట అతనికీ నాలుగు నెలల జీతం పోయిందట. నేను యథాప్రకారం భోజనాల దగ్గరి మాటే అప్పజెప్పాను: రోడ్డు ఆపడం తప్పు కదన్నా, ఫిర్యాదు ఇవ్వాల్సింది అని.

"తప్పే సార్, రోడ్డు మీద నిలబడుడు తప్పే. అందుకే పోలీసులు పట్టుకపోయిన్రు. మరి ఏడు నెలలు జీతమియ్యనోణ్ణి ఎవలు పట్టుకపోవాలె?"

కంపెనీ మీద దర్యాప్తు జరుగుతోందట అన్నాను.

"గట్లనా సార్" అని ఫోను జేబులో పెట్టుకుని, ఖాళీ కప్పులు ట్రేలోకి సర్దుకున్నాడు.