సూర్యుని ఉద్గారాలు – హైదరాబాదు అయస్కాంత వేధశాల

2024 మే 10వ తేదీ రాత్రి పదిన్నర గంటల వేళ గడ్డిఅన్నారంలో మిద్దెలమీద గాలికి కూర్చున్నవారికి ఏ మార్పూ కనబడలేదు. దిల్‌సుఖ్‌నగర్ దీపాలు ఎప్పటివలెనే వెలుగుతున్నవి. కాని ఆ నిమిషాలలోనే భూమియొక్క అయస్కాంత క్షేత్రం అంతటా ఒకేసారి అదిరింది. రెండు రోజుల క్రితం సూర్యుడు విసరిన మేఘాలు అప్పుడు భూమిని తాకినవి. మనుష్యులకు తెలియని ఇటువంటి తాకిడిని పట్టే సాధనాలు గడ్డిఅన్నారానికి ఆరేడు కిలోమీటర్ల ఉత్తరాన, ఉప్పల్ రోడ్డుమీది జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో ఉన్నవి. అక్కడి అయస్కాంత వేధశాల 1964లో ఏర్పడినది.

ఈ మేఘాల పుట్టుక సూర్యుని కరోనాలో ఉన్నది. సంపూర్ణ సూర్యగ్రహణ సమయంలో చంద్రబింబం చుట్టూ కనబడే తెల్లని వెలుగే కరోనా. 1980 ఫిబ్రవరి 16న అది తెలుగునేలమీద సుమారు రెండు నిమిషాలు కనబడింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంవారి జపాల్–రంగాపూర్ వేధశాలలో పరిశీలనలు జరిగినవి. అమెరికానుండి వచ్చిన ఒక బృందం అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెంలో మకాం వేసి ఛాయాచిత్రాలు తీసింది. ఆ రోజున తలుపులు మూసుకొని ఇంటిలో కూర్చున్నవారే ఎక్కువమంది అని పెద్దలు చెబుతారు!

సూర్యుని ఉపరితలంమీద వేడి సుమారు 5,500 డిగ్రీలు. పైనున్న కరోనాలో పది లక్షల డిగ్రీలకు మించి ఉంటుంది. అంత వేడికి పరమాణువులు చెదిరి విద్యుత్కణాలుగా విడిపోతవి. విద్యుత్కణాలను అయస్కాంత బలరేఖలు పట్టి ఉంచగలవు. సూర్యుని మచ్చలనుండి లేచే బలరేఖలు తోరణాలవలె వంగి ఈ ద్రవ్యాన్ని కట్టివేస్తవి. అయితే సూర్యుని పైపొరలు కదులుతూ ఉండటంవల్ల తోరణాల మొదళ్లు జరిగి, అవి మెలికలు పడతవి. నులకతాడును మెలిపెడుతూ పోతే ఒక దశలో అది చేతిలోనుండి ఎగిరి చుట్టుకొంటుంది గదా! అట్లే మెలి హద్దు మీరినప్పుడు బలరేఖలు తెగి, వేరొక విధంగా అతుకుకొంటవి. కట్టుబడి ఉన్న ద్రవ్యం తన అయస్కాంత క్షేత్రంతో సహా అంతరిక్షంలోకి ఎగిరిపోతుంది. ఇదే కరోనా ద్రవ్యోద్గారం. ఒక్కొక్కదానిలో వందల కోట్ల టన్నుల ద్రవ్యం ఉంటుంది.

దీనినీ, సౌరజ్వాలనూ ఒకటిగా భావించటం విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు. జ్వాల వెలుగు; ఎనిమిది నిమిషాలలో మనను చేరుతుంది. ఉద్గారం ద్రవ్యం, దానికి సాధారణంగా ఒకటినుండి నాలుగు రోజులు పడుతుంది. 1859 సెప్టెంబరు 1న ఇంగ్లండులో కారింగ్టన్ ఒక గొప్ప జ్వాలను చూచిన తరువాత పదిహేడున్నర గంటలకు భూమిమీద అయస్కాంత తుఫాను చెలరేగింది. నడుమ ప్రయాణం చేసి వచ్చినదేమిటో తెలియటానికి నూరేండ్లకు పైగా పట్టింది. గ్రహణం లేకుండానే సూర్యబింబాన్ని కప్పి కరోనాను చూపే సాధనం ఓఎస్ఓ–7 ఉపగ్రహంలో ఉండగా, 1971 డిసెంబరు 14న అటువంటి ఉద్గారం మొదటిసారి స్పష్టంగా చిక్కింది.

ఇప్పుడు ఉద్గారం బయలుదేరటం చూడగలం. అయినా అది హాని చేస్తుందో లేదో అప్పుడే చెప్పలేము. చిక్కంతా ఇక్కడనే ఉన్నది. సూర్యునివైపున భూమి క్షేత్రపు సరిహద్దులో బలరేఖలు ఉత్తరముఖంగా ఉంటవి. వచ్చిన మేఘంలోని క్షేత్రం కూడ ఉత్తరముఖమే అయితే చాలవరకు పక్కలకు జారిపోతుంది. దక్షిణముఖమైతే రెండింటి రేఖలు కలిసి తలుపు తెరచుకొంటుంది. శక్తి లోపలికి వస్తుంది. ఈ దిక్కు ఛాయాచిత్రాలలో కనబడదు. భూమికి 15 లక్షల కిలోమీటర్ల ముందున్న ఎల్1 స్థానంలోని సాధనాలమీదుగా మేఘం పోయినప్పుడే తెలుస్తుంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోటనుండి బయలుదేరిన మన ఆదిత్య–ఎల్1 చేరినది ఆ స్థానానికే. మేఘం సెకండుకు 700 కిలోమీటర్ల వేగంతో వస్తున్నదనుకొంటే, అక్కడినుండి మనకు మిగిలే వ్యవధి ముప్పదియారు నిమిషాలు! 1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్ విద్యుత్ వ్యవస్థ కూలిపోవటానికి ఒకటిన్నర నిమిషం చాలినది. అరవై లక్షలమంది తొమ్మిది గంటలు చీకటిలో ఉన్నారు.

తుఫానులో మన ప్రాంతపు కొలతలకు ఒక ప్రత్యేకత ఉన్నది. లోపలికి వచ్చిన కణాలు విషువద్రేఖకు ఎగువన, కొన్ని భూవ్యాసార్ధాల దూరంలో, పడమటివైపు ప్రవహించే విద్యుద్వలయాన్ని బలపరుస్తవి. దాని క్షేత్రం భూమి క్షేత్రానికి ఎదురు. హైదరాబాదువంటి చోట్ల భూమి క్షేత్రం ఎక్కువగా క్షితిజ సమాంతరంగా ఉండటంవల్ల ఆ తగ్గుదల చక్కగా తెలుస్తుంది. మే 11 ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో, అల్పాక్షాంశాల సగటున, తగ్గుదల 400 నానోటెస్లాలు దాటింది. ఇక్కడి క్షితిజ క్షేత్రం సుమారు 40,000 నానోటెస్లాలు. అంటే నూటికి ఒక వంతు. ఇటీవలి ఇరవై ఏండ్లలో అంత పెద్ద తుఫాను లేదు.

నూటికి ఒక వంతును కొలవటం నగరంలో తేలిక కాదు. దారంతో ఒక అయస్కాంతాన్ని వేలాడదీసి, దానికి చిన్న అద్దం అతికించి, గోడమీద వెలుగుచుక్క పడేటట్లు చేస్తే బడిలోనే అయస్కాంతమాపకం తయారవుతుంది. కాని గడ్డిఅన్నారంలో దానిని పెడితే సూర్యునికంటె వీధిలోని బస్సులే దానిని ఎక్కువగా కదిలిస్తవి. ఆ సంస్థకు విజయవాడ రోడ్డుమీద చౌటుప్పల్‌లో కూడ అయస్కాంత వేధశాల ఉన్నది. అది నగరపు సందడికి దూరం. (గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు కూడ తరువాత ఆ రోడ్డునే బాటసింగారం చేరింది.) ఇటువంటి వేధశాలల గదుల కట్టడంలో ఇనుప మేకు సైతం వాడరు. కొలత తీసే పరిశీలకుడు తాళపుచెవులు బయట పెట్టి లోపలికి పోతాడు.