ట్రోజన్ తలుపు పగలగొట్టదు.. మనమే తీస్తాం

వీరులపాడు: నందిగామ, జగ్గయ్యపేట వైపు పల్లెల్లో ఇప్పుడు చాలా ఇళ్లలో కంప్యూటరో ల్యాప్‌టాపో ఉంటోంది. అబ్బాయి డిగ్రీ ప్రాజెక్టు అందులోనే, అబ్బా బ్యాంకు పనులు అందులోనే, ఉమ్రాకు వెళ్లే నానీ పాస్‌పోర్టు కాపీ కూడా అందులోనే. ప్రింటు తీసిపెట్టమని పక్కింటివాళ్లు పంపిన ఆధార్ కార్డులు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో అలాగే పడి ఉంటాయి. అంటే అందులో మన సొత్తే కాదు, నలుగురి అమానత్ కూడా ఉంది. దాన్ని దోచుకునే ప్రోగ్రాముల్లో బాగా వినిపించే పేరు ట్రోజన్.

అసలు ట్రోజన్ అంటే ఏమిటి?

ఈ పేరు గ్రీకుల పాత కథలోంచి వచ్చింది. ఏళ్ల తరబడి ముట్టడించినా గ్రీకు సైన్యం ట్రాయ్ కోటలోకి పోలేకపోయింది. చివరికి పెద్ద చెక్క గుర్రం చేసి, దాని కడుపులో సైనికుల్ని దాచి, కోట బయట వదిలేసి వెళ్లిపోయినట్టు నటించింది. ట్రాయ్ వాళ్లు సంబరపడి గుర్రాన్ని తామే లోపలికి లాక్కున్నారు. రాత్రికి సైనికులు దిగి కోట తలుపులు తీశారు.

వైరస్, వార్మ్, ట్రోజన్ మూడూ ఒకటి కాదు. వైరస్ వేరే ఫైళ్లకు అంటుకుని వ్యాపిస్తుంది. వార్మ్ ఎవరూ ఏమీ నొక్కకపోయినా నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకుతుంది. 2017 మే నెలలో ప్రపంచాన్ని కుదిపేసిన వన్నాక్రై అలాంటిదే. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. అది వేసుకున్నవాళ్లు బయటపడ్డారు.

ట్రోజన్ మాత్రం తనంతట తాను పాకదు. పనికొచ్చే ఫైలు వేషంలో వస్తుంది. దాన్ని మనమే నొక్కి తెరవాలి.

బ్యాంకే బోల్తా పడింది

హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 2022 జనవరిలో సైబర్ దొంగలు రూ.12 కోట్లకు పైగా కాజేశారు. అంతకు ముందు 2021 నవంబరులోనే బ్యాంకు సిబ్బందికి మోసపు ఈమెయిళ్లు పంపారని పోలీసుల దర్యాప్తులో తేలింది. వాటిని తెరిచినప్పుడు ‘రిమోట్ యాక్సెస్ ట్రోజన్’ లోపలికి దిగింది. అంటే ఎక్కడో కూర్చున్నవాడు ఆ కంప్యూటర్‌ను తనదిలా నడిపించుకునే ప్రోగ్రాం. సైబర్ భద్రతలో లోపాలకు రిజర్వు బ్యాంకు 2023లో ఈ బ్యాంకుకు రూ.65 లక్షల జరిమానా వేసింది.

ఉర్దూ ఫైలు వేషంలో కూడా వస్తుంది

ఉర్దూ టైపింగ్‌కు మనవాళ్లు ఎక్కువగా వాడే ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్‌నూ దొంగలు వదల్లేదు. దానిలోని ఒక లోపాన్ని వాడుకుని ఆసియాలోని బ్యాంకుల మీద దాడులు జరిగాయని కాస్పర్‌స్కీ సంస్థ 2016లో బయటపెట్టింది. ఇన్‌పేజ్ ఫైలును ఈమెయిల్‌లో పంపి, పాత వెర్షన్ ఉన్న కంప్యూటర్లలో దొంగదారి తెరిచిన మరో దాడిని 2018లో మైక్రోసాఫ్ట్ వివరించింది. ఆ దాడికి గురైనవాళ్లలో ఎక్కువమంది పాకిస్తాన్‌లోనే ఉన్నారు. మన భాషలో ఉంది కదా, మనవాళ్లదే అయ్యుంటుందని నమ్మి తెరవకూడదు.

మన ఇంటికి ఏ దారిన వస్తుంది?

ఎక్కువగా ‘క్రాక్’ సాఫ్ట్‌వేర్‌తో వస్తుంది. ఆఫీసు, ఫొటోషాప్, గేమ్స్ ఉచితంగా ఇస్తామనే ఫైళ్లు చాలావరకు ముందు యాంటీవైరస్ ఆపేయమంటాయి. కాపలావాడిని పంపించెయ్యమని అడిగేవాడు ఎందుకొచ్చాడో వేరే చెప్పాలా! డబ్బు పెట్టలేనివాళ్లకు లిబ్రే ఆఫీస్ పూర్తిగా ఉచితం. అందులో తెలుగు, ఉర్దూ రెండూ టైపు చేసుకోవచ్చు.

రెండో దారి ఈమెయిల్. పార్శిల్ బిల్లు, ఇన్‌కమ్ ట్యాక్స్ నోటీసు, ఉద్యోగం ఆఫర్ లెటర్ అంటూ ఫైలు జోడించి పంపుతారు. మూడోది ఊళ్లో పది కంప్యూటర్లు తిరిగొచ్చిన పెన్‌డ్రైవ్. నాలుగోది ‘మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, వెంటనే ఇది నొక్కండి’ అని బెదిరించే కిటికీ. ఫోన్లో అయితే పెళ్లి కార్డు, పీఎం కిసాన్, ట్రాఫిక్ చలానా పేర్లతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు ఇదే పని చేస్తాయి.

ఇంకో చిన్న మాయ ఉంది. విండోస్ సాధారణంగా ఫైలు పేరు చివరి తోకను చూపించదు. అందుకే ‘బిల్లు.పీడీఎఫ్.ఈఎక్స్ఈ’ అనే ఫైలు మనకు ‘బిల్లు.పీడీఎఫ్’ లాగే కనిపిస్తుంది. నిజానికి అది కాగితం కాదు, ప్రోగ్రాం. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘వ్యూ’లోకి వెళ్లి ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ టిక్ పెడితే అసలు తోక బయటపడుతుంది.

లోపల ఏం చేస్తుంది?

మనం కొట్టే ప్రతి అక్షరాన్నీ రాసుకుని పంపేవి కొన్ని. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు ఎత్తుకెళ్లేవి కొన్ని. ఫైళ్లన్నీ తాళం వేసి డబ్బు అడిగేవాటిని లోపలికి పిలిచేవి మరికొన్ని. కంప్యూటర్ ఉన్నట్టుండి నెమ్మదించడం, యాంటీవైరస్ దానంతటదే ఆగిపోవడం, మనం పెట్టని ప్రోగ్రాం కనిపించడం, మౌస్ తనంతట కదలడం అనుమానించాల్సిన గుర్తులు. అయితే మంచి దొంగ చప్పుడు చేయడు. గుర్తులు లేకపోతే ట్రోజన్ లేదని కాదు.

ఈ వారమే చేయగలిగినవి

విండోస్‌తోనే వచ్చే డిఫెండర్ ఉచితం. అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. అప్‌డేట్లు వాయిదా వేయకూడదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంకా అదే వాడుతుంటే, కంప్యూటర్ సరిపోతే 11కి మారడం మంచిది.

పిల్లలకు, రోజువారీ పనికి ‘స్టాండర్డ్’ ఖాతా పెట్టి, అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంట్లో పెద్దవాళ్ల దగ్గరే ఉంచాలి. అప్పుడు చాలా ప్రోగ్రాములు అడక్కుండా దిగలేవు. ముఖ్యమైన ఫైళ్లు వేరే హార్డ్‌డిస్క్‌లో కాపీ పెట్టి, పని అయ్యాక వైరు తీసేయాలి. తగిలించే ఉంచితే దానికీ తాళం పడుతుంది. ఇతరుల ఆధార్, పాస్‌పోర్టు కాపీలు పని అవగానే చెరిపేయాలి. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయాలి. ఉన్నది పోతుంది గానీ, లేనిదాన్ని ఎవరూ దొంగిలించలేరు.

ఇప్పటికే దిగితే?

ముందు వైఫై ఆపాలి, వైరు పీకాలి. పాస్‌వర్డులు ఆ కంప్యూటర్‌లో కాదు, వేరే శుభ్రమైన పరికరంలో మార్చాలి. ఈమెయిల్‌ది మొదట, బ్యాంకుది తర్వాత. డిఫెండర్‌లోని ‘ఆఫ్‌లైన్ స్కాన్’ నడపాలి. ఇది విండోస్ మొదలవకముందే వెతుకుతుంది కాబట్టి ట్రోజన్‌కు దాక్కోవడం కష్టం. కేంద్ర ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్రం కూడా ఉచిత టూల్స్ ఇస్తోంది. అయినా అనుమానం తీరకపోతే ఫైళ్లు కాపీ చేసుకుని విండోస్ మళ్లీ కొత్తగా వేయించాలి.

డబ్బు పోతే సిగ్గుపడి దాచొద్దు. వెంటనే బ్యాంకుకు చెప్పి, 1930కి ఫోన్ చేయాలి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. 2017 జులైలో రిజర్వు బ్యాంకు వాణిజ్య బ్యాంకులకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, పొరపాటు ఖాతాదారుదే అయినా, బ్యాంకుకు తెలిపిన తర్వాత జరిగే నష్టం బ్యాంకే భరించాలి. అందుకే ఆ ఫోన్ ఎంత ముందు చేస్తే అంత డబ్బు నిలబడుతుంది. ఫైలు తెరిచింది పిల్లలైతే తిట్లు తర్వాత చూసుకోవచ్చు. తిట్టే ఇంట్లో పిల్లలు రెండోసారి చెప్పరు. ఆ చెప్పని గంటలోనే ఖాతా ఖాళీ అయ్యేది.