నిషేధం ఉన్నా మీ ఇంట్లో ప్లాస్టిక్ ఎందుకు తగ్గట్లేదు? పాల ప్యాకెట్‌తో మొదలుపెట్టండి

ప్లాస్టిక్ నిషేధం వచ్చి ఏళ్లు గడిచాయి. చేతిసంచి పట్టుకెళ్లడం కూడా చాలామందికి అలవాటైంది. అయినా మీ చెత్తబుట్ట ఎందుకు ఖాళీ కావట్లేదు? ఒక్క వారం పాటు ఇంట్లోకి వచ్చిన ప్లాస్టిక్‌నంతా ఒక బస్తాలో వేసి, ఆదివారం బాల్కనీలో కుమ్మరించి చూడండి. చాలా ఇళ్లలో ఆ కుప్పలో ఎక్కువగా కనిపించేవి క్యారీ బ్యాగులు కావు. పాల ప్యాకెట్లు, పెరుగు కప్పులు, చట్నీ కవర్లు, చిప్స్ ప్యాకెట్లు, ఆన్‌లైన్ పార్శిళ్లకు చుట్టి వచ్చిన కవర్లు.

వీటిలో చాలా వాటిని ఎవరూ నిషేధించలేదు.

నిషేధం దేని మీద?

2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించినవి కొన్ని వస్తువులే: ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, ఇయర్‌బడ్స్ పుల్లలు, అలంకరణకు వాడే థర్మకోల్, స్వీట్ బాక్సుల మీద చుట్టే పలుచటి పొర వంటివి. క్యారీ బ్యాగులకు వేరే నిబంధన ఉంది. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పలుచటివి అమ్మకూడదు, ఇవ్వకూడదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కాబట్టి చేత్తో తడిమి తేల్చడం కష్టం. కవర్ మీద ఉత్పత్తిదారు వివరాలు గానీ, మందం గానీ, క్యూఆర్ కోడ్ గానీ, ఏదీ లేకపోతే అనుమానించాల్సిందే.

సరుకును ప్యాక్ చేసి అమ్మే ప్లాస్టిక్ మాత్రం ఈ జాబితాలో లేదు. దాన్ని సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యతను కంపెనీల మీద పెట్టారు. కానీ ఏ కంపెనీ మనిషీ మీ గుమ్మం ముందుకు వచ్చి ఖాళీ ప్యాకెట్ అడగడు. అది రీసైక్లింగ్‌కు వెళ్తుందా, డంపింగ్ యార్డుకు పోతుందా అన్నది చాలావరకు మీ వంటింట్లోనే తేలిపోతుంది.

పాల కవర్ లెక్క

రోజుకు రెండు అర లీటరు ప్యాకెట్లు కొనే ఇంట్లో ఏడాదికి 730 కవర్లు పోగవుతాయి. లీటరు ప్యాకెట్ దొరికితే ఆ సంఖ్య సగమవుతుంది. పాల కవర్ పాలిథీన్‌తో తయారవుతుంది. రీసైక్లింగ్‌కు బాగా పనికొస్తుంది కాబట్టి పాత సామాన్ల కొట్టులో తూకం లెక్కన కొంటారు. అయితే శుభ్రంగా, పొడిగా ఉండాలి. కొంచెం నీళ్లు పోసి కడిగి, ఆ నీళ్లు కుండీలో మొక్కకు పోసి, కవర్ ఆరేయండి. పాల కవర్లు కిటికీ ఊచకు ఆరేసే అత్తగారిని చూసి నవ్వుకున్న వాళ్లుంటారు. ఆ విషయంలో ఆవిడే రైటు.

ఇంకో చిన్న సంగతి. ప్యాకెట్ కత్తిరించేటప్పుడు మూల ముక్కను పూర్తిగా వేరు చేయకండి, కవర్‌కే వేలాడనివ్వండి. గోరంత ముక్కను చెత్తలోంచి ఎవరూ ఏరలేరు. సింకులో పడితే నేరుగా మురుగు కాలువలోకి పోతుంది.

చిప్స్ ప్యాకెట్ కథ వేరు. లోపల మెరిసే లోహపు పొర, బయట ప్లాస్టిక్ అతుక్కుని ఉంటాయి. వాటిని విడదీయడం గిట్టుబాటు కాదు కాబట్టి పాత సామాన్ల వాళ్లు ముట్టుకోరు. అదృష్టం బాగుంటే సిమెంటు ఫ్యాక్టరీలో ఇంధనంగా మారతాయి, లేదంటే యార్డులో గుట్టగా మిగులుతాయి. చాలా షాంపూ సాచెట్లదీ అదే దారి. అందుకే వాటి విషయంలో కడగడం, దాచడం కాదు, కొనడం తగ్గించడమే మార్గం. సాచెట్ల దండకు బదులు పెద్ద సీసా కొంటే, ఖాళీ అయ్యాక ఆ సీసానైనా కొనేవాళ్లుంటారు.

వేడి సాంబారు, పేపర్ కప్పు

తగ్గించడం అన్నింటికన్నా ముందు ఇక్కడ మొదలుకావాలి. పొగలు కక్కే సాంబారును పలుచటి కవర్‌లో పోసి రబ్బరు బ్యాండు వేసి ఇస్తారు. కొన్నిచోట్ల టీ కూడా అలాగే పార్శిల్ చేస్తారు. పేపర్ కప్పయితే ఫర్వాలేదనుకుంటాం. కానీ కాగితం తడవకుండా దాని లోపల కూడా పలుచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో పరీక్షిస్తే, 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లు అలాంటి కప్పులో 15 నిమిషాలు ఉన్నప్పుడు సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు అందులో చేరాయి. అవి ఒంట్లో చేరాక ఏం చేస్తాయన్నది శాస్త్రవేత్తలు ఇంకా తేలుస్తున్నారు. తేలేదాకా మనం తాగుతూ ఉండాలా?

స్కూటీ డిక్కీలో మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా ఒకటి పడేసుకోండి. గిన్నె తెచ్చిన వాళ్లకు చాలా టిఫిన్ సెంటర్లలో సాంబారు ఒక గరిటె ఎక్కువే పడుతుంది.

గుడ్డలా కనిపించే సంచి

బట్టల షాపుల్లో ఇచ్చే మెత్తటి, రంగురంగుల సంచిని చాలామంది గుడ్డ సంచి అనుకుంటారు. అంచు దగ్గర పోగు లాగి చూడండి. నేసిన బట్టయితే దారం వస్తుంది. రాకుండా పొరలా చిరిగితే అది పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. ఇంట్లో ఉన్నవాటిని చిరిగేదాకా వాడండి, కొత్తవి తెచ్చుకోకండి. ప్లాస్టిక్ పప్పు డబ్బాలకూ ఇదే వర్తిస్తుంది. ఉన్నవన్నీ పారేసి గాజు సీసాలు కొనడం వల్ల చెత్త పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. వాటిలో వేడి పదార్థాలు పెట్టకపోతే చాలు.

'ఆటోలో అన్నీ కలిపేస్తారుగా?'

తడి, పొడి వేరు చేయమంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. కొన్నిచోట్ల నిజంగానే కలిపేస్తున్నారు. ఫొటో తీసి మీ మున్సిపాలిటీ యాప్‌లో ఫిర్యాదు చేయండి. కానీ వేరు చేసి ఇవ్వడం ఆపకండి. చాలా ఆటోల్లో సిబ్బంది అమ్ముడుపోయే ప్లాస్టిక్‌ను అక్కడికక్కడే ఏరి పక్కన పెట్టుకుంటారు, అది వాళ్లకు అదనపు ఆదాయం. మీరు కలిపి ఇస్తే కుళ్లిన కూర, డైపర్లు, పగిలిన గాజు మధ్య చేతులు పెట్టి ఏరాలి. కూర అంటుకున్న కవర్ ఎలాగూ పనికిరాదు. డైపర్లు, ప్యాడ్లు కాగితంలో చుట్టి వేరుగా ఇవ్వండి.

అపార్ట్‌మెంట్ అయితే పని ఇంకా తేలిక. సెల్లారులో ఒక బస్తా పెట్టి, కడిగిన కవర్లు, సీసాలు మాత్రమే వేయాలని గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి. నెలకోసారి పాత సామాన్ల అతన్ని పిలిపిస్తే సరిపోతుంది. వచ్చిన డబ్బు వాచ్‌మన్‌కే వదిలేయండి, బస్తాలో ఎవరు ఏం వేస్తున్నారో ఆయనే చూసుకుంటాడు.