సమాచార భద్రతకు ఒంటరి ఫోటాన్లు: క్వాంటం డాట్ల పాత్ర

విశాఖపట్నం: రుషికొండ ఐ.టి. కొండలపై నెలకొన్న సంస్థల సమాచారం ఆప్టికల్ ఫైబర్ ద్వారా ప్రపంచమంతటికీ చేరుచున్నది. దానికి రక్షణగా నేడు వాడుతున్న రహస్య సంకేతాలలో కొన్నింటిని భవిష్యత్తులో శక్తివంతమైన క్వాంటం కంప్యూటర్లు ఛేదించగలవని శాస్త్రజ్ఞులు హెచ్చరిస్తున్నారు.

దీనికి ఒక పరిష్కారం, సంకేతపు కీని ఫోటాన్లు అనబడే కాంతికణాల ద్వారా పంపడం. 1984లో బెన్నెట్, బ్రసార్డ్ ప్రతిపాదించిన ఈ విధానంలో ఎవరైనా మధ్యలో ఫోటాన్‌ను కొలిచినచో దాని స్థితి మారి, చొరబాటు బయటపడుతుంది. అయితే ఒక్కొక్క పల్స్‌లో ఒకే ఫోటాన్ ఉండవలెను. తీవ్రత తగ్గించిన లేజర్ కాంతిలో అప్పుడప్పుడు రెండు వెలువడతాయి. వాటిలో ఒకటి అపహరణకు గురైనా ఆ జాడ తెలియకపోవచ్చు. ఈ లోపాన్ని కనిపెట్టుటకు నేటి పరికరాలు వేర్వేరు తీవ్రతలు గల వంచన పల్స్‌లను కలిపి పంపుతున్నవి.

క్వాంటం డాట్ ఈ సమస్యను మూలంలోనే తొలగించగలదు. ఇది నానోమీటర్లలో కొలిచే అర్ధవాహక కణం. గాలియం ఆర్సెనైడ్‌లో ఇమిడిన ఇండియం ఆర్సెనైడ్ డాట్ ఇందుకు ఒక ఉదాహరణ. లేజర్ పల్స్‌తో ఉత్తేజితమైన ఎలక్ట్రాన్ కిందిస్థాయికి దిగుతూ ఒక ఫోటాన్‌ను వెలువరిస్తుంది. మరల ఉత్తేజితమైతే తప్ప రెండవది రాదు. 2000లో ఇది ప్రయోగపూర్వకంగా నిరూపితమైనది.

ఉత్తమ ఫలితాలకు డాట్లను సుమారు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరచడం, ఫైబర్‌లో నష్టం తక్కువగా ఉండే 1,550 నానోమీటర్ల కాంతిని పొందడం ప్రధాన సవాళ్లు.

కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్ 19న రూ. 6,003.65 కోట్లతో ఆమోదించిన జాతీయ క్వాంటం మిషన్ లక్ష్యాలలో ఒంటరి ఫోటాన్ జనకాల అభివృద్ధి, 2,000 కిలోమీటర్ల మేర నగరాల మధ్య క్వాంటం కీ పంపిణీ కూడా ఉన్నవి.