మేడమీది సర్వరుకు ఉత్తరం

వేసవి సెలవుల్లో మా ఇంట జరిగిన తమాషా ఒకటి చెబుతాను. ఇందులో కథ కొంత, లెక్కలు కొంత, తంతి తపాలా కొంత ఉన్నది.

మైన్‌క్రాఫ్టు అనే ఆటను మీలో చాలామంది ఎరిగే ఉంటారు. ఆ ఆటలో నేల, చెట్టు, నీరు, కొండ సమస్తమూ దిమ్మెలే. దిమ్మెలు తవ్వి, దిమ్మెలు పేర్చి ఇళ్ళూ ఊళ్ళూ కట్టుకోవచ్చు. స్వీడన్ దేశస్థుడైన మార్కస్ పెర్సన్ 2009లో దీనిని తొలిసారి జనం ముందు పెట్టాడు. ఒక్కరే ఆడుకుంటే ఒక కంప్యూటరు చాలు. నలుగురు కలిసి ఒకే ఊరు కట్టాలంటే మాత్రం ఆ ఊరు ఎక్కడో ఒకచోట ఉండాలి గదా! ఊరిని తన దగ్గర ఉంచుకుని, ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎవరు ఏ దిమ్మె పెట్టారో సెకనుకు ఇరవైసార్లు లెక్క చూసుకునే ప్రోగ్రామును సర్వరు అంటారు.

మా సర్వరు మేడమీది గదిలో ఉన్న పాత కంప్యూటరు. ఎనిమిదో తరగతి చదివే మా మనవడూ, వాడి ముగ్గురు స్నేహితులూ అందులో ఒక చెరువు కట్టారు. చెరువంటే మాటలు కాదు: గట్టు, తూము, కలుజు, గట్టుమీద చింతచెట్ల వరస. ఇరవై రోజుల పని.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. మేడమీది కంప్యూటరుకు ఒక చిన్న యు.పి.ఎస్. ఉన్నది గాని అది పది నిమిషాలకు మించి నిలవదు. ఆ లోపల ఎవరైనా పైకి వెళ్ళి, కంప్యూటరు తెరమీద ఉండే కన్సోలులో ‘సేవ్ ఆల్’ అని, తర్వాత ‘స్టాప్’ అని ఇంగ్లీషులో కొట్టాలి. కన్సోలు అంటే సర్వరుకు హుకుం ఇచ్చే చోటు. మొదటి మాటకు సర్వరు ఊరినంతా భద్రంగా రాసిపెట్టుకుంటుంది. రెండో మాటకు సవ్యంగా ఆగిపోతుంది. పిల్లలు వీధిలో ఉన్నారు. నేను చీకట్లో మెట్లు పట్టుకుని ఎక్కేసరికి యు.పి.ఎస్. ఒకసారి కీచుమని ఊరుకున్నది. సర్వరు తనంతట తానే అప్పుడప్పుడు రాసిపెట్టుకుంటుంది గనక చెరువు మొత్తం పోలేదు. చివర కట్టిన తూము పోయింది. నలుగురూ మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు.

“తాతయ్యా, మెట్లెక్కకుండా కిందినుంచే సర్వరుకు చెప్పగలిగితే?” అన్నాడు మనవడు.

హైదరాబాదులో ఇంజనీరింగు చదివే మా కూతురి కూతురు ఫోనులో ఈ మాట విని, “దానికి ఎప్పటినుంచో ఒక దారి ఉంది, తాతయ్యా. ఆర్‌కాన్ అంటారు. తయారుగా దొరికే ప్రోగ్రాములు బోలెడు. కాని వాణ్ణే రాయమను,” అన్నది.

ఆర్‌కాన్ అంటే దూరపు కన్సోలు అన్నమాట. 1996లో వచ్చిన క్వేక్‌వరల్డ్ అనే ఆటలోనే ఇటువంటి ఏర్పాటు ఉన్నది. మైన్‌క్రాఫ్టు సర్వరు వాడే ఉత్తరం నమూనా అమెరికాలోని వాల్వ్ అనే సంస్థ తన ఆటల కోసం ఏర్పరచినది. మామూలుగా ఈ తలుపు మూసి ఉంటుంది. సర్వరు పక్కనే ఉండే ‘సర్వర్ ప్రాపర్టీస్’ అనే ఫైలులో ‘ఎనేబుల్ ఆర్‌కాన్’ అన్నచోట ‘ఫాల్స్’ అని ఉన్నదాన్ని ‘ట్రూ’ అని మార్చి, ఒక పాస్‌వర్డు పెట్టాలి. పాస్‌వర్డు ఖాళీగా వదిలితే సర్వరు ఈ తలుపు తెరవనే తెరవదు, అది మంచిదే. ఆట ఆడేవారు వచ్చే తలుపు నంబరు 25565. హుకుములు వచ్చే తలుపు 25575.

ఇక ఉత్తరం ఎలా రాయాలి? ఇక్కడ నాకు తంతి ఆఫీసు గుర్తుకు వచ్చింది. మన దేశంలో 2013 జూలైలో తంతి సర్వీసు ఎత్తివేశారు గనక మీరు టెలిగ్రాం చూసి ఉండరు. టెలిగ్రాం పంపేటప్పుడు అందులో ఎన్ని మాటలున్నాయో ముందే చెప్పేవారు. అవతలివారు అందుకున్న మాటలు లెక్కపెట్టి, సరిపోతేనే సరిగా చేరినట్లు. ఆర్‌కాన్ ఉత్తరమూ ఇంతే. మొట్టమొదట పొడవు, ఆ తర్వాత ఉత్తరం నంబరు, ఆ తర్వాత ఏ రకం ఉత్తరమో తెలిపే అంకె, చివరకు అసలు మాట, దాని వెనక రెండు సున్నాలు.

కంప్యూటరు దేన్నయినా బైట్లలో రాస్తుంది. ఒక్కొక్క బైటులో 0 నుంచి 255 వరకు ఏదో ఒక అంకె ఉంటుంది. పొడవు, నంబరు, రకం ఈ మూడింటికీ నాలుగేసి బైట్లు. ఇంగ్లీషు అక్షరం ఒక్కొక్కదానికి ఒక బైటు. చిన్నబడి ‘ఎ’కు 97, ‘బి’కి 98, అలా ‘జెడ్’కు 122. రకాలు మూడే: 3 అంటే “లోపలికి రానివ్వు, ఇదిగో నా పాస్‌వర్డు” అని, 2 అంటే “ఈ పని చెయ్యి” అని, 0 అంటే సర్వరు ఇచ్చే జవాబు.

ఆటలో ఎవరెవరు ఉన్నారో చెప్పమనే మాట ‘లిస్ట్’. ఏడో నంబరు ఉత్తరంగా దాన్ని రాస్తే ఇలా ఉంటుంది:

14 0 0 0 – 7 0 0 0 – 2 0 0 0 – 108 105 115 116 – 0 0

పొడవులో పొడవు రాసిన నాలుగు బైట్లు లెక్కకు రావు. మిగిలినవి మీరే లెక్కపెట్టండి, పద్నాలుగు వస్తాయి.

మనవడు పైథాన్ భాషలో ప్రోగ్రాము రాయటం మొదలుపెట్టాడు. తలుపు తట్టటానికి ‘సాకెట్’ అనే సాధనం, అంకెల్ని బైట్లుగా మార్చటానికి ‘స్ట్రక్ట్’ అనే సాధనం ఆ భాషలోనే ఉన్నవి. పాస్‌వర్డు ఉత్తరం పంపాడు. సర్వరు మారుమాటాడక తలుపు మూసింది. మళ్ళీ పంపాడు, మళ్ళీ మూసింది. పాస్‌వర్డు సరిగానే ఉన్నది. మధ్యాహ్నమంతా ఇదే వరస.

చివరకు బైట్లను కాగితం మీద రాయించాను. తప్పు అక్కడ దొరికింది. వాడు పొడవును 0 0 0 16 అని పంపుతున్నాడు. పంపవలసింది 16 0 0 0.

ఇది స్థానవిలువల సంగతి. మనం పదుల లెక్కలో ఒకట్లు, పదులు, వందలు అంటాం. నాలుగు బైట్ల లెక్కలో ఒకట్లు, 256లు, 65,536లు, 1,67,77,216లు. అయితే ఎటునుంచి మొదలుపెట్టాలి? పెద్ద స్థానం ముందా, చిన్న స్థానం ముందా? ఇంటర్నెట్టులో ఆనవాయితీగా పెద్దది ముందు. ఆర్‌కాన్‌లో చిన్నది ముందు. 300ను రాయాలంటే 44 ఒకట్లు, ఒక 256 గనక 44 1 0 0 అని రాస్తారు. మావాడి 0 0 0 16ను సర్వరు తన పద్ధతిలో చదువుకుంటే 26 కోట్ల 84 లక్షల 35 వేల 456 అయింది! చేతికి వచ్చింది ఇరవై బైట్లు, రాసి ఉన్నది ఇరవై ఆరు కోట్లు. తలుపు మూయక ఏం చేస్తుంది?

ఈ రెండు పద్ధతులకూ ఉన్న పేర్లు వింటే మీకు నవ్వు వస్తుంది. జొనాథన్ స్విఫ్ట్ 1726లో ప్రచురించిన గలివర్ ప్రయాణాల్లో లిల్లీపుట్ అనే పొట్టివాళ్ళ దేశం ఉన్నది గదా. గుడ్డును పెద్ద కొసనుంచి పగలగొట్టాలా, చిన్న కొసనుంచి పగలగొట్టాలా అని అక్కడివాళ్ళు యుద్ధాలే చేసుకున్నారు. 1980లో డానీ కోహెన్ అనే కంప్యూటరు శాస్త్రజ్ఞుడు బైట్ల తగాదాకు ఆ పేర్లే పెట్టాడు: పెద్దకొస పద్ధతి, చిన్నకొస పద్ధతి. ఏది గొప్పది అన్నది కాదు ప్రశ్న. రెండువైపులా ఒకే కొస ఎంచుకోవాలి, అంతే.

మార్చి పంపగానే జవాబు వచ్చింది. జవాబులో మనం పంపిన నంబరే తిరిగి వస్తే లోపలికి రానిచ్చినట్లు. పాస్‌వర్డు తప్పయితే నంబరు స్థానంలో ఋణ సంఖ్య, –1, వస్తుంది. బైట్లలో అది 255 255 255 255. మనవడు కావాలని తప్పు పాస్‌వర్డు పంపి అదీ చూసుకున్నాడు. వాణ్ణి మెచ్చుకున్నాను. తలుపు తెరుచుకోవటమే గాక తెరుచుకోకపోవటం కూడా పరీక్షించి చూడాలి.

‘లిస్ట్’ పనిచేసింది. ‘సే’ అనే మాటతో “అన్నాలకు రండి” అని పంపితే ఆటలో ఉన్న నలుగురి తెరలమీదా ఆర్‌కాన్ పేరుతో ఆ కబురు కనిపించింది. మా ఇంట్లో అంత త్వరగా ఎవరూ ఎన్నడూ అన్నాలకు రాలేదు.

తరువాత ‘హెల్ప్’ అని పంపాడు. సర్వరు తనకు తెలిసిన మాటలన్నీ చెప్పుకుపోతుంది గనక అది పెద్ద జవాబు. సగం వచ్చి ఆగింది. ఆపైన ఏది అడిగినా ప్రోగ్రాము ఉలకదు పలకదు. ఈసారి చిక్కు వేరు. మనం ఉత్తరం అంటున్నాం గాని తీగలో నడిచేది ఉత్తరంలా ఒక్క కవరుగా రాదు, కాలవలో నీళ్ళలా వస్తుంది. “నాలుగువేల బైట్లు ఇవ్వు” అని సాకెట్టును అడిగితే “నాలుగువేల వరకు, ఇప్పుడు ఉన్నన్ని ఇస్తాను” అని దాని అర్థం. వెయ్యే ఇవ్వవచ్చు. మావాడి ప్రోగ్రాము వచ్చినదే ఉత్తరమంతా అనుకున్నది. మిగిలిన ముక్క కాలవలోనే ఉండిపోయింది. తర్వాతి జవాబు చదవబోయి, ఆ ముక్కలోని నాలుగు అక్షరాలను పొడవు అనుకుంటే, నూటయాభై కోట్లు దాటిన సంఖ్య వచ్చింది. పాపం, అన్ని బైట్ల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నది.

పొడవు ముందే ఎందుకు రాస్తారో వాడికి అప్పుడు తెలిసింది. ముందు నాలుగు బైట్లు పూర్తిగా అందేదాకా అడగాలి. అవి ఎంత చెబితే అంతా చేతికి వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ అడగాలి. ఒక్కటి తగ్గకూడదు, ఒక్కటి మించకూడదు. ఇంకొక మెలిక ఉన్నది: జవాబులోని మాట 4096 బైట్లు దాటితే సర్వరు దాన్ని రెండు మూడు ఉత్తరాలుగా పంపుతుంది. అన్నిటిమీదా ఒకే నంబరు వేస్తుంది గనక ఆ నంబరు చూసి కలుపుకోవచ్చు. ఆఖరి ఉత్తరం ఏదో మాత్రం అది చెప్పదు. ఇది ఆ నమూనా చేసినవారు వదిలిన లోటే అని నా ఉద్దేశం.

మూడోరోజుకు ప్రోగ్రాము నలభై వరసలయింది, చక్కగా నడిచింది. ఇక మనవడికి హుషారు ఎక్కువయింది. “వదిన హైదరాబాదునుంచి కూడా వాడుకునేలా ఈ తలుపును బయటికి తెరిచేద్దాం, తాతయ్యా!” అన్నాడు.

“వద్దు,” అన్నది మనవరాలు ఫోనులో. “నీ పాస్‌వర్డు ఉత్తరం ఒకసారి బయటికి చదువు.”

ఉదాహరణకు పాస్‌వర్డు ‘మామిడి’ అనుకోండి (మాది అది కాదు, ప్రయత్నించకండి). తీగలో వెళ్ళేది 109 97 109 105 100 105. పైన చెప్పిన 97, 98 లెక్క తెలిసిన ఎవరైనా దాన్ని చదివేస్తారు. ఇది కవరు కాదు, పోస్టుకార్డు. దారిలో చేతికి తగిలినవాడికల్లా తెలిసిపోతుంది. పైగా ఈ తలుపు దగ్గర పేరు అడగరు, పాస్‌వర్డు తెలిసినవాడే యజమాని. వాడు సర్వరును ఆపవచ్చు, మనల్నే బయటికి గెంటవచ్చు, చెరువును చెరిపేయవచ్చు.

1995లో ఫిన్లాండులోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఎవరో ఇలాగే తీగమీద పోతున్న పాస్‌వర్డులు కాజేశారు. అక్కడ పనిచేస్తున్న తాతు యులోనెన్ అనే ఆయన దానికి విరుగుడుగా ఎస్.ఎస్.హెచ్. అనే ప్రోగ్రాము రాశాడు. అది రెండు కంప్యూటర్ల మధ్య సొరంగం వంటిది. లోపల పోయేదంతా గూఢలిపిలో పోతుంది. మనవరాలు తన దగ్గరనుంచి మేడమీది కంప్యూటరుకు ఆ సొరంగం వేసింది. ఆర్‌కాన్ ఉత్తరాలు ఇప్పటికీ పోస్టుకార్డులే. కాని అవి సొరంగంలోనుంచి ఇంటి లోపలికి వచ్చి, అక్కడే తలుపు తడతాయి. వీధివైపు 25575 తలుపు మూసే ఉన్నది.

జూన్ మొదటి వారంలో గాలిదుమారం వచ్చి మళ్ళీ కరెంటు పోయింది. పిల్లలు తూమును రెండోసారి కట్టి అప్పటికి గంట కూడా కాలేదు. మనవడు కింది గదిలో బ్యాటరీమీద నడిచే తన కంప్యూటరు తీశాడు. ఇంట్లో కబుర్లు మోసే రూటరు కూడా మేడమీది యు.పి.ఎస్.కే తగిలించి ఉన్నది గనక దారి తెగలేదు. ‘సేవ్ ఆల్’ అని కొట్టాడు. భద్రపరిచానని జవాబు. ‘స్టాప్’ అని కొట్టాడు. ఆగుతున్నానని జవాబు.

నేను మెట్లమీద నిలబడి విన్నాను. పైన యు.పి.ఎస్. ఇంకా కూస్తూనే ఉన్నది.